రాజుగారి దొంగ త్రాసు

ఆట కంపెనీ సహాయ విభాగం వారికి నమస్కారాలు.

మా మేనకోడలు ఇల్లు మారుతూ టీవీలో ఆడే మీ ‘రాతి ఖజానా’ ఆట మాకు వదిలేసి వెళ్లింది. పూర్వకాలపు రాజుగారి ఖజానాలో రెండు గదులు దాటాను. మూడో గదిలో రాతి త్రాసు ఉంది. రెండు పళ్లేల్లో రాతి జంతువులు పెట్టి సమానంగా తూస్తే కంచు తలుపు తెరుచుకోవాలి. కాని ఆ త్రాసు దొంగది. తెరమీద స్కేలు పెట్టి కొలిచాను. అడ్డకమ్మీ ఎడమ సగం పదకొండు సెంటీమీటర్లు, కుడి సగం పదిన్నర. తగిన చర్య తీసుకోగలరు.

ఇట్లు,
తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు (రిటైర్డు)

తా.క. లోపల ఏముందో చూడాలని మా ఆవిడకు మహా ఆత్రంగా ఉంది. ఈ కాగితం తెచ్చి ముందు పెట్టింది కూడా ఆవిడే.

*

అయ్యా,

మీ ఉత్తరం అందింది. ఎడమ పళ్లెంలో నాలుగు సింహాలు, కుడి పళ్లెంలో రెండు ఏనుగులు పెట్టండి. తలుపు తెరుచుకుంటుంది.

ఇట్లు,
సహాయ విభాగం, నాలుగో బల్ల

తా.క. ఈ సంగతి అట్టపెట్టె వెనక కూడా ఉంటుంది. ఎవరూ చూడరు. రోజుకు నలభై మందికి ఇదే రాస్తున్నాను.

*

నాలుగో బల్ల వారికి,

అమ్మా, తలుపు ఎలా తీయాలని నేను అడగలేదు. దొంగ త్రాసు మీద తూచనంటున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్లు అలాంటివాటికి సీళ్లు వేసిన చేత్తో ఇప్పుడు ఏనుగుల్ని పెట్టమంటే ఎలా పెడతాను? త్రాసంటే మా వంటింట్లోదానిలా ఉండాలి. ముల్లు ఆవగింజంతైనా పక్కకు జరగదు.

రిటైరై మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో ఇది తప్పా ఒప్పా అని నన్ను అడిగినవాడు లేడు. అడక్కపోయినా చెబుతున్నాను, ఇది తప్పు.

ఇట్లు,
ఇన్‌స్పెక్టరు (రిటైర్డు)

తా.క. ఈమెయిలు పంపమని మేనకోడలు సలహా. ఈమెయిలు మీద సీలు ఎక్కడ వేయాలో మాత్రం చెప్పలేకపోయింది.

*

అయ్యా,

మీ తెర వంకరగా ఉన్నట్టు అర్థమైంది. మరమ్మతు ఫారం జతచేశాను. నింపి పంపండి.

ఇట్లు,
నాలుగో బల్ల

తా.క. ఐదో బల్ల సెలవులో ఉంది. ఆవిడ ఉత్తరాలూ నావే. తప్పులుంటే మన్నించాలి.

*

నాలుగో బల్ల వారికి,

ఫారం నింపి పంపుతున్నాను. పరికరం: త్రాసు. తయారైన తేదీ: మూడు వేల ఏళ్ల కిందట, గోడమీద చెక్కి ఉంది. యజమాని: రాజుగారు, కాలం చేశారు. పరికరం నీళ్లలో పడిందా: ఆ గదిలో మోకాల్లోతు నీళ్లు పెట్టింది మీరే, నన్నెందుకు అడుగుతున్నారు?

ఇట్లు,
ఇన్‌స్పెక్టరు (రిటైర్డు)

తా.క. ‘వాడేవారికి సంతృప్తిగా ఉందా’ అన్నచోట మా ఆవిడ నా చేతిలోంచి కలం లాక్కుని ‘చాలా’ అని రాసేసింది. ఎందుకో అర్థం కాలేదు. కొట్టేశాను.

*

అయ్యా,

మరమ్మతులవారు మీ ఫారం తిప్పి పంపారు. పరికరం మూడు వేల ఏళ్లు దాటినందువల్లా, నీళ్లలో తడిసినందువల్లా గ్యారంటీ వర్తించదట. నాకు ఓపిక అయిపోయిందండీ. మీరు కోరేదేమిటో ఒక్క ముక్కలో రాయండి.

ఇట్లు,
నాలుగో బల్ల

తా.క. ఐదో బల్ల ఉద్యోగం మానేసింది.

*

నాలుగో బల్ల వారికి,

ఒక్క ముక్కలో, నోటీసు. “రాజుగారికి తెలియజేయునది. తమ ఖజానాలో దొంగ త్రాసు పట్టుబడినది. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వనిచో ఖజానాకు సీలు వేయబడును.” యజమాని లేనప్పుడు నోటీసు తలుపుకు అంటించాలి. తలుపు మీ ఆఫీసులో ఉంది కనుక మీకు పంపుతున్నాను.

ఇట్లు,
ఇన్‌స్పెక్టరు

తా.క. సీలు మాట మా ఆవిడ చేర్పించింది. ముప్ఫై ఒక్క ఏళ్లూ నా ఉద్యోగం సంగతి ఆవిడ చెవికెక్కలేదనుకున్నాను.

*

అయ్యా,

మీ నోటీసు మా హాలు తలుపుకు అంటించాను. బొమ్మలు గీసినాయన అది చదివి, మొహం మాడ్చుకుని, వెళ్లి కొలుచుకున్నాడు. మీరన్నదే నిజం. ఆరేళ్లుగా ఇంతమంది ఆడారు, ఒక్కరూ చూడలేదు. ఒకటో తారీఖుకల్లా త్రాసు సరిచేస్తున్నాం. మీరు నిక్షేపంగా తూచి తలుపు తీయవచ్చు. ఇక మాకు ఉత్తరాలు రాసే శ్రమ మీకుండదు.

ఇట్లు,
నాలుగో బల్ల

తా.క. ఆరేళ్లలో తలుపు ఎలా తీయాలని అడగని ఉత్తరాలు మీవి మాత్రమే. అవి రాకపోతే నాకూ వెలితిగానే ఉంటుంది.

*

నాలుగో బల్ల అమ్మాయికి ఇన్‌స్పెక్టరు గారి భార్య దీవెనలు.

నీ ఉత్తరం ఆయనకింకా చూపించలేదమ్మా. బీరువాలో చీరల కింద పెట్టాను. ఆ తలుపు నేను మొదటి రోజే తీశాను. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు అట్టపెట్టె వెనక చూసి పెట్టేశాను, నాలుగు సింహాలు, రెండు ఏనుగులు. లోపల ఏముంది, ఒట్టి గది, ఓ సింహాసనం, ‘ఆట ముగిసింది’ అని అక్షరాలు. ఇది చూస్తే ఆయనకిక చేసే పనుండదనిపించింది. గబగబా వెనక్కొచ్చి ఎక్కడిదక్కడ పెట్టేశాను.

రిటైరయ్యాక మూడేళ్లు ఆయన గోడకేసి చూస్తూ కూర్చున్నారు. గడ్డం గీసుకోమంటే ‘ఎవరు చూడొచ్చారు’ అనేవారు. పలకరించీ పలకరించీ నా నోరు నొప్పెట్టింది. ఈ త్రాసు దొరికాక పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, భూతద్దం తుడుచుకుని టీవీ ముందు కూర్చుంటున్నారు. కాగితాలు కదిపానని నామీద కేకలేస్తున్నారు కూడా. ఆ కేకలు విని ఎన్నాళ్లయిందో, వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

కాబట్టి తల్లీ, ఆ త్రాసు బాగుచెయ్యొద్దు. ఈపాటికే చేసేస్తే, ఆ ఖజానాలో ఇంకెక్కడైనా చిన్న తప్పు పెట్టించు. ఆయన పట్టుకుంటారు.

ఇట్లు,
వాళ్లావిడ

తా.క. పోయినేడు ఆయనకి కాస్త పని దొరుకుతుందని మా వంటింటి త్రాసు ముల్లు నేనే వంచాను. ఇంతవరకూ కనిపెట్టలేదు. నేను తూచిందంటే ఆయన ముల్లు వంక చూడరు.