ఎర్రచీటీ

గోడౌను ఆఫీసు,
గురువారం, పదకొండో తారీఖు.

చిరంజీవి మరిదికి,

వదిన ఆశీర్వదించి రాస్తున్నది. నేనూ, మీ అన్నయ్యా ఇక్కడ బాగానే ఉన్నాం. ఉభయకుశలోపరి అని రాసేయడం మర్యాదే గాని, నీ కుశలం సంగతి సోమవారం మీటింగు అయ్యాకగాని తేలదు. కాబట్టి ఆ ముక్క ప్రస్తుతానికి ఆపి ఉంచాను.

నీ ఉత్తరం అందింది. ఇన్నేళ్ళకి ఈ వదిన గుర్తొచ్చిందేమిటా అనుకుంటూ చదివాను. నీ పథకాన్ని సమీక్షించే సంఘంలో నన్ను వేశారని నీకు తెలిసిందట. పాతవి మనసులో పెట్టుకోవద్దట. పథకం భేషుగ్గా ఉంది, మిగతా ఊళ్ళన్నిటికీ విస్తరించవచ్చు అని నేనొక్క వాక్యం రాసిస్తే చాలట. మనలో మనకి పట్టింపులేమిటి వదినా అని చివర్లో ఒక ముద్దు మాట కూడాను. ఆ మాట చదివినప్పట్నుంచీ నవ్వుతూనే ఉన్నాను. నాకేమైనా అయిందేమోనని గోడౌను గుమాస్తా తలుపులోంచి తొంగి చూసి వెళ్ళాడు.

మనసులో పెట్టుకోవద్దా? మరెక్కడ పెట్టుకోమంటావు, బీరువాలోనా?

ఆ రోజు మీటింగు నీకు గుర్తుండదు. నాకు మాత్రం నిన్న జరిగినట్టే ఉంది. పిల్లల్లో పోషకాహార లోపం తగ్గించడానికి ఏ దారి పట్టాలో తేల్చడానికి కూర్చున్నాం. పొడుగు బల్లకి ఆ చివర డైరెక్టరుగారు, ఈ చివర నువ్వూ నేనూ. బడి వయసు రాని పిల్లలందర్నీ ఏ వీధికావీధి ఒకచోట కూర్చోబెట్టి, బొద్దుగా ఉన్నవాడికీ బక్కగా ఉన్నవాడికీ ఒకే తిండి పెడదామన్నాను నేను. నువ్వు కాదన్నావు. అందర్నీ తూచి, బరువు తక్కువున్న పిల్లల్ని ఏరి, వాళ్ళకే ఎర్రచీటీ ఇచ్చి, ఆ చీటీ చూపించిన తల్లికే బలం పొడి పొట్లాలు ఇద్దామన్నావు. ఉన్న సరుకు అవసరమైనవాళ్ళకే చేరాలన్నావు. అది తీసిపారేసే వాదన కాదు, ఇప్పటికీ ఒప్పుకుంటాను. కానీ నేను జవాబు చెప్పబోతుంటే చెయ్యి అడ్డుపెట్టి, ఇది పథకం వదినా, వచ్చినవాళ్ళందరికీ వడ్డించడానికి పెళ్ళిభోజనం కాదు అన్నావు చూడు, అది వాదన కాదు. బల్లంతా గొల్లుమంది. డైరెక్టరుగారైతే కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మరీ నవ్వారు. నా కాగితాలు సగం కూడా చదవకుండానే నీ దారి ఖాయమైపోయింది.

అక్కడితో పోయిందా? పెళ్ళిభోజనం మేడమ్ అని నాకు పేరు పడింది. డ్రైవరు దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అదే పిలుపు. నా ఎదురుగా కాదులే, నేను అటు తిరగగానే. నువ్వు చదివిన చదువే నేనూ చదివాను, నీకంటే ముందే చదివాను. అలాంటిదాన్ని తెచ్చి నీ పొడి పొట్లాలకి కాపలా పెట్టారు, ఎలకలు కొట్టకుండా చూసుకోమన్నారు. అప్పుడు నా కడుపు ఎంత మండిందో నీకేం తెలుసు? మీ అన్నయ్యకి తెలుసు, పాపం. ఆ నెలంతా మాడిన వంటే తిన్నారు.

కానీ మరిదీ, నన్ను ఈ గోడౌనులో పడెయ్యడమే నువ్వు చేసిన పొరపాటు. పై ఆఫీసులో నువ్వు గీతలు చూసుకుంటావు. ఎర్రచీటీలు నెలనెలా తగ్గుతున్నాయి, పిల్లలు కోలుకుంటున్నారు అంటూ ఆ గీత కిందికి దిగుతున్నకొద్దీ నువ్వు పైకి ఎక్కావు. నేనిక్కడ పొట్లాలు చూస్తాను. పిల్లలు కోలుకున్నారంటే ముందు పొట్లాలు తినుండాలా వద్దా? పైకప్పు దాకా పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి! తినకుండానే బలిసే పిల్లలు ఎక్కడున్నారో కళ్ళారా చూసొద్దామని తూకాల రోజున నేనే వెళ్ళాను.

ఆరోగ్య కేంద్రం వరండా చివర కుళాయి ఉంది. అక్కడొక తల్లి తన పిల్లచేత గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగిస్తోంది. పిల్ల వద్దు మొర్రో అంటున్నా వదలదు. ఇంకొకామె మండుటెండలో పిల్లాడికి స్వెట్టరు మీద స్వెట్టరు తొడుగుతోంది. మరొక పిల్లకి వాళ్ళన్న బూట్లు, జారిపోకుండా లోపల గుడ్డలు కుక్కి. నర్సుకి భోజనాల వేళలోపు అంతమందినీ తూచాలి, బూట్లు విప్పించే ఓపికెక్కడిది? ముల్లు కాటా మీది ఎర్రగీత దాటి పచ్చగీతకి రాగానే ఆ తల్లి మొహం వెలిగిపోయింది. బిడ్డకి రావలసిన తిండి తప్పిపోయినందుకు సంబరపడే తల్లిని నేను అప్పుడే చూశాను.

ఇదేం పనమ్మా అని అడిగితే నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. చీటీ మీద ఏం అచ్చు వేయించావో గుర్తుందా? బలహీన శిశువు. నువ్వే ఏరికోరి పెట్టిన మాట. ఆ చీటీ పట్టుకుని వీధిలో నడిస్తే, బిడ్డకి తిండి పెట్టడం చేతకాని తల్లినని తనే ఊరంతా దండోరా వేసుకున్నట్టట. అత్తగారు అంటుంది, తోడికోడలు అంటుంది, మొగుడు సరే, అననే అంటాడు. ఆటల్లో తోటి పిల్లలు ఎర్రపిల్ల, ఎర్రపిల్ల అని ఏడిపిస్తారట. నీ గీత దిగింది పిల్లలు బలపడి కాదు నాయనా, తల్లులు సిగ్గుపడి.

ఇంటికొస్తూ దారిపొడుగునా కూనిరాగాలు తీశాను. ఎముకలు తేలిన పిల్లల్ని చూసొచ్చి పాటలేమిటని నువ్వు అడగవచ్చు. నీ మీద కసి అంతలా పేరుకుపోయింది మరి.

సోమవారం నేనేం చెయ్యబోతున్నానో ముందే చెబుతున్నాను, చాటుగా దెబ్బ తియ్యడం నాకు చేతకాదు. ఒక కాటా తెప్పించి అదే పొడుగు బల్ల మీద పెట్టిస్తాను. దాని మీద రెండు స్వెట్టర్లు, ఒక జత బూట్లు, ఒక జగ్గుడు నీళ్ళు పెడతాను. పిల్లలెవరూ ఎక్కకుండానే ముల్లు కదులుతుంది. ఇదిగోనండీ, మా మరిది మన పిల్లలకి పట్టించిన కండ ఇదే అంటాను. అప్పుడు బల్లంతా మళ్ళీ గొల్లుమంటుంది. బూట్ల సారు అని నీకూ ఒక పేరు పడుతుంది. అటు తిరిగాక కాదు, మొహం మీదే పిలుస్తాను, కాచుకో.

నీ విస్తరణ బుట్టదాఖలు. చీటీలు మొత్తం ఎత్తేసి పిల్లలందరికీ కలిపి పెట్టాలని రాస్తాను. ఎవరు బక్క, ఎవరు బొద్దు అని వేలు చూపించే పని ఎవరికీ ఉండదు. ఆ పథకానికి పెళ్ళిభోజనం అనే పేరు పెట్టమంటాను. నీ పైఉద్యోగం సంగతి నువ్వే చూసుకో. ఒక్క వాక్యం అడిగావు, ఇంత రాశాను. వదిననై ఉండి అంతకన్నా ఏం చెయ్యను?

మీ అన్నయ్య నీకు ఆశీస్సులు చెప్పమన్నారు. ఇందులో ఏముందో ఆయనకి తెలియదు.

ఇట్లు,
ఏదీ మరిచిపోని
మీ వదిన

తా.క.: కవరు అంటించేద్దామనుకున్నాను గాని మనసొప్పలేదు. మీ పాపని కాటా మీద నిలబెట్టి నువ్వు నవ్వుతున్న ఫొటో ఈమధ్య నీ పథకం పుస్తకం అట్ట మీద వేయించావు కదా, అధికారి కూతురికైనా ఇదే తూకం అని. సోమవారం ఆ పుస్తకం పట్టుకురాకు. ఆ ఫొటో తీసిన నాడు మీ ఆవిడ పాపకి గౌను కింద ఇంకో రెండు గౌన్లు తొడిగింది, కడుపు పట్టినన్ని నీళ్ళు పట్టింది. మొన్న ఆదివారం మా ఇంటికొచ్చి, ఆయన కూతురికే ఎర్రచీటీ వస్తే ఎలా అక్కా, భయమేసింది అని ఒకటే ఏడుపు. ఒంటి గౌనుతో మళ్ళీ తూచాను. ఎర్రగీతకి బాగా కింద ఉంది మరిదీ. ఊళ్ళు పట్టుకు తిరిగి ఎవరెవరి పిల్లలనో తూచే నీకు, ఇంట్లో పిల్ల భుజాలు కనపడలేదా? డాక్టరుకి చూపించాం. అప్పట్నుంచీ పాపకి మధ్యాహ్నం తిండి నా దగ్గరే, మా వీధి పిల్లలందరితో కలిపి. మీటింగులో ఈ సంగతి ఎత్తను, అది నీ పరువు కోసమనుకోకు. మీ ఆవిణ్ణి ఒక్క మాట అన్నావో, నీ సంగతి చూస్తాను. నిన్న తింటూ తింటూ పాప నా చెవి దగ్గరికొచ్చి, నేను ఎర్రపిల్లనని నాన్నకి చెప్పకు పెద్దమ్మా, ఒట్టు వెయ్యి అంది. వేశాను. ఇవాళ ఆ ఒట్టు తప్పాల్సి వచ్చింది. ఇందుకైతే నిన్ను ఎప్పటికీ క్షమించను.