బండికిచ్చిన పేరు

రోంకెట్టో, జనవరి

ప్రియమైన వాస్కోకు,

నా తప్పులకూ ఈ కోడిగీతల రాతకూ ముందే క్షమించు. మూడో తరగతి పూర్తికాకుండానే మేకల వెనక పంపిన పిల్లను. పైగా చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

ఇక్కడ క్షేమం. మంచు కిటికీ అంచు దాకా పేరుకుంది. కడుపులో బిడ్డ బాగా తన్నుతోంది. “అచ్చం తండ్రే, ఒకచోట కుదురుండదు,” అని అత్తయ్య మురిసిపోతోంది.

నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. మీ బ్రగాల్ది కంపెనీవాళ్ళకు కొత్త కారుకు పేరు కుదరకపోతే నువ్వు నా పేరు చెప్పావనీ, ముసలి యజమానికి అది నచ్చిందనీ వినగానే ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

“వాడికేమన్నా మతి పోయిందా? బతికున్న మనిషి పేరు తీసి ఇంకోదానికి పెడతాడా?” అంది.

నీకు తెలియనిది కాదు కదా. మన కొండ మీద పోయినవాళ్ళ పేరే పుట్టినవాళ్ళకు పెడతాం. నా పేరు కూడా నేను పుట్టకముందే పోయిన మా పిన్నిదే. పేరు ముక్కాలిపీట లాంటిది, దాని మీద ఒక్కరే కూర్చోగలరు. రెండోవాళ్ళు వస్తే మొదటివాళ్ళు లేవాలి. ఇనుముకు ప్రాణం ఏమిటని నువ్వు నవ్వుతావు. నాకు మాత్రం భయంగా ఉంది. నా గురించి కాదు, నా లోపలున్న దాని గురించి. మీ యజమానికి చెప్పి వేరే పేరు పెట్టించు.

నీ రాక కోసం చూస్తూ,
జెలిందా

*

మోదెనా, జనవరి నెలాఖరు

నా బంగారు జెలిందాకు,

పిచ్చిదానా, ఎంత భయపడ్డావే! అమ్మ మాటలకేం, ఆమె రేడియోలో కూడా దయ్యం ఉందంటుంది.

ఇక్కడి కంపెనీలు కార్లకు అంకెలు పెడతాయి, గాలుల పేర్లు పెడతాయి, పోట్లాడే ఎద్దుల పేర్లు పెడతాయి. అర్థమేమిటని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పురాణం విప్పుతారు. మా ముసలాయన ఏమన్నాడో తెలుసా? “గాలిని ఎవడు చూశాడు? ఎద్దును ఎవడు ఎక్కాడు? ఆడమనిషి పేరు పెట్టండి. కొన్నవాడు ఇంటికి ఒకరిని తీసుకెళుతున్నాననుకోవాలి.” నేను నీ పేరు చెప్పాను. “దానికి అర్థమేంటోయ్?” అన్నాడు. “మా ఆవిడండీ,” అన్నాను. షెడ్డంతా ఒకటే నవ్వు.

ఇప్పుడు మార్చలేం. వెనక మూత మీద బిగించే వెండి అక్షరాలు పోత పోశారు. మార్చిలో జెనీవా కార్ల ప్రదర్శనకు పుస్తకాలు అచ్చవుతున్నాయి. అక్కడ బండి అందరికీ నచ్చితే నన్ను పెద్ద డ్రైవరును చేసి, ఇక్కడే రెండు గదుల ఇల్లు ఇస్తామన్నారు. కాన్పు నాటికి నువ్వు నా దగ్గరే ఉంటావు.

రోజూ పొద్దున్నే కుర్రాళ్ళు నన్ను ఏడిపిస్తున్నారు. “ఏరా వాస్కో, మీ జెలిందా లేచిందా?” అంటాడొకడు. ఇంకొకడు అందుకుంటాడు, “లేచింది గానీ దగ్గుతోందిరా. గొంతు తడిపితే గానీ కదలదట!”

నిన్న మొదటిసారి నిన్ను రోడ్డెక్కించాను. ఎంత మెత్తగా కదిలావని!

ముద్దులతో,
వాస్కో

*

రోంకెట్టో, ఫిబ్రవరి

ప్రియమైన వాస్కోకు,

నీ ఉత్తరం చివర్లో “నిన్ను” రోడ్డెక్కించానని రాశావు. పొరపాటున రాశావో, కావాలనే రాశావో తెలియలేదు. అది చదవకపోతే బాగుండేది.

అత్తయ్య నన్ను పిలవలేకపోతోంది. వంటింట్లోంచి “ఏమే... ఏమే...” అంటుంది, అక్కడితో ఆగిపోతుంది. మొన్న తలుపు పట్టుకుని ఏడ్చింది. “నాలుక చివరి దాకా వస్తోందమ్మా, అక్కడెవరో లాక్కుంటున్నారు.” మంత్రసాని వచ్చి నా పొట్ట మీద చెయ్యి పెట్టి, “నీ పేరేంటన్నావ్, తల్లీ?” అంది. నన్ను భూమ్మీద పడేసిందే ఆవిడ.

గురువారం మధ్యాహ్నం దుప్పట్లు ఆరేస్తుంటే నేనెప్పుడూ చూడని దారి కళ్ళకు కట్టింది. అటూ ఇటూ పొడుగాటి పోప్లార్ చెట్లు, ఒక ఇటుకల వంతెన, వంతెన దిగగానే ఎడమ మలుపు. మలుపు దగ్గర నా నడుము పక్కకు లాగేసింది. మంచులో కూలబడ్డాను. లేచాక నా అరచేతుల్లోంచి పెట్రోలు వాసన వచ్చింది. సబ్బుతో తోమినా పోలేదు.

అదీ ఓర్చుకుందును. కానీ ఆ రోజు నుంచి బిడ్డ తన్నడం లేదు. సన్నగా, సమంగా, ఆగకుండా వణుకుతోంది.

నువ్వు ఆ దారిలో వెళ్ళలేదని రాయి. అబద్ధమైనా సరే రాయి.

నీ
జెలిందా

*

మోదెనా, ఫిబ్రవరి

ప్రియమైన దానా,

అబద్ధం రాయలేను. గురువారం పనారో నది వంతెన మీదుగా తీసుకెళ్ళాను. పోప్లార్ చెట్లు ఉన్నాయి. ఎడమ మలుపులో బండి వెనక భాగం పక్కకు జారింది. ఆ సంగతి నేనింకా ఎవరికీ చెప్పలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. వేరే డ్రైవరు కూర్చుంటే బండి స్టార్టు కావడం లేదు. నేను షెడ్డు గుమ్మంలోంచి పేరు పెట్టి పిలిస్తే స్టార్టవుతోంది. కుర్రాళ్ళు మొదట చప్పట్లు కొట్టారు. ఇప్పుడెవరూ దాని దగ్గరికి పోవడం లేదు. ఒంటరిగా నడుపుతుంటే, పిండి పిసికేటప్పుడు నువ్వు తీసే కూనిరాగం వినిపిస్తుంది.

ముసలాయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. “పేరు తీసేస్తే ఇంకేం మిగులుతుందోయ్, రేకులేగా?” అన్నాడు. వచ్చే వారం పూర్తి వేగంతో పరీక్ష. నన్నే నడపమన్నారు.

ఈ పొద్దున నీ ముఖం గుర్తు తెచ్చుకోబోతే రెండు దీపాలు కనిపించాయి. నీ పేరు రాయబోయి పైన ఆగిపోయాను, చూశావుగా. ఏం చెయ్యాలో చెప్పు.

వాస్కో

*

రోంకెట్టో, మార్చి

నా వాస్కోకు,

నువ్వు పరీక్ష నుంచి క్షేమంగా దిగావని కింది ఊరి నుంచి పాలవాడు కబురు తెచ్చాడు. అదెలా జరిగిందో చెబుతాను.

నీ ఉత్తరం అందిన రోజే పై ఊరికి, మా అమ్మ దగ్గరికి నడిచి వెళ్ళాను. పేరు వెనక్కి అడిగినా ఇచ్చేవాళ్ళు లేనప్పుడు దాన్ని ఇచ్చేయడమే దారి అంది అమ్మ. పసివాళ్ళకు ప్రాణం నిలిచేలా లేకపోతే మా వాళ్ళు పేరు మార్చడానికి ఒక పని చేస్తారు. నాకూ అదే చేసింది. శాలువా తిరగేసి కప్పి, బయటికి పంపి, తలుపు మూసింది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

“ఎవరది?” అంది లోపల్నుంచి.

“పేరు లేనిదాన్ని.”

“జెలిందా నీతో ఉందా?”

“లేదు. కింద మైదానంలో ఉంది. ఆ పేరు నేనే ఇచ్చేశాను.”

“అయితే రా,” అని కిటికీలోంచి లోపలికి లాక్కుని చెవిలో కొత్త పేరు చెప్పింది. నా ఒంట్లోంచి ఆ దారి తెగిపోయింది. తెగేముందు చివరిసారిగా నిన్ను చూశాను, నేలబారు నుంచి, ఆ బండి రెండు దీపాల వెలుతురులో. నీ వీపు దూరంగా నడిచిపోతోంది. అప్పుడు బిడ్డ తన్నింది, వాస్కో! పక్కటెముక అదిరేలా తన్నింది. నేనూ అమ్మా పిచ్చివాళ్ళలా నవ్వాం.

దాని మీద నాకు కోపం లేదు. ఎవరో పేరు పెట్టి పిలిచారు, అది పలికింది. నేనూ పుట్టినప్పుడు అంతేగా.

ఒక్కటి మాత్రం ప్రాణం పెట్టి విను. అత్తయ్యకు పాత పేరు నోటికి తిరిగొచ్చింది. నిన్న అలవాటుకొద్దీ గుమ్మంలో నిలబడి, “జెలిందా! కట్టెలు తే!” అని గట్టిగా కేకేసింది. నేను తిరిగి చూడలేదు, పలకలేదు. ఈ పొద్దున మన గేటు దాకా మంచు మీద వెడల్పాటి చక్రాల జాడలు ఉన్నాయి. కంచరగాడిద తప్ప ఏదీ ఎక్కలేని దారి మనది. వచ్చిన జాడే ఉంది. వెళ్ళిన జాడ లేదు. అత్తయ్య పార తెచ్చి వాటిని పూడ్చేసింది.

షెడ్డులో దాని చక్రాలు తడిగా ఉన్నాయేమో చూడకు. ఆ పని మానేసి వచ్చెయ్. రెండు గదుల ఇల్లు లేకపోతే పోనీ. వచ్చాక ఈ వాకిట్లో నిలబడి నన్ను ఆ పేరుతో పిలవకు. పిలిస్తే వచ్చేది నేను కాదు.

నా కొత్త పేరు చిన్న ముక్క మీద రాసి ఇందులో మడిచి పెట్టాను. పెదవులు కదపకుండా చదువు. ఆ ముక్కనూ, ఈ ఉత్తరాన్నీ, నేను రాసినవన్నీ కలిపి పొయ్యిలో వేసి, బూడిదయ్యేదాకా అక్కడే ఉండి కాల్చెయ్.

నీ భార్య