కనకమామిడిల వేడెక్కని ఓవెన్

కనకమామిడి,
ఆదివారం మాపటికి.

అక్కకు తమ్ముడు సామ్యేలు వందనాలు.

"ఒక్క యేడు నా బేకరీ భట్టి కాడ నిలబడురా, వచ్చే జూన్‌ల నిన్ను కాలేజీల చేర్పిస్త" అని బావ నాకు మాట ఇచ్చి యాభై ఏండ్లు దాటింది. ఆ జూన్ ఇంక రాలేదు. ఉత్తరం ఈ ముచ్చటతోని మొదలుపెట్టినందుకు ఏమనుకోకు. పెన్ను పట్టంగనే ముందు అదే వస్తది.

నువ్వు ఎట్లున్నవు? మోకాళ్ల నొప్పి జర తగ్గిందా? దవాఖానకు పోతున్నవా, లేక ఎప్పటి లెక్క నూనె రాసుకొని కూసుంటున్నవా? మనుమలు, మనుమరాండ్లు అందరు బాగున్నరని తలుస్తున్న. నా ఫికర్ పెట్టుకోకు. నేను మంచిగనే ఉన్న. ఫోన్ల చెప్పొచ్చు గదా అంటవు. ఫోన్ల నేను సగం చెప్పంగనే నువ్వు ఏడుస్తవు, మిగతా సగం నా నోట్లనే ఉండిపోతది. అందుకే రాస్తున్న.

నీ కొడుకు బేకరీ మూసి, భట్టి కూలగొట్టి, మొబైల్ దుకాణం పెట్టుకున్నంక నేను జహీరాబాద్ ఇడిచి ఐదు నెలలాయె. ఈ ఫాంహౌస్ హైదరాబాద్‌ల కంప్యూటర్ నౌకరీ చేసే మొగుడు పెండ్లాలది, కోస్తా నుంచి వచ్చినోళ్లు. శనివారం వస్తరు, ఆదివారం సాయంత్రం పోతరు. మిగతా దినాలు నేను, రెండు కుక్కలు, మామిడి మొక్కలు. ఉండనీకి వెనుక ఒక అర్ర ఇచ్చిండ్రు. మేడం నన్ను "సామ్యేలు గారూ" అని పిలుస్తది. గారు అంటది గాని కూర్చోమనదు. బావ "అరే" అనేటోడు, ఆయన గూడ కూర్చోమనలేదు. ఆ లెక్కన ఈమె నయం.

చలి బాగున్నది. పొద్దుగాల వేళ్లు వంగుతలేవు. మాట్లాడనీకి మనిషి ఉండడు. ఇక్కడికి దగ్గరి హిమాయత్‌నగర్ ఊరి నుంచి అంజమ్మ అని ఒకామె శనాదివారాలు షేర్ ఆటోల వచ్చి వంటింట్ల పని చేస్తది. నాకంటే పదిహేనేండ్లు చిన్నది, నోరు మాత్రం పెద్దది. నాకోసం బట్టల చుట్టి జొన్నరొట్టె తెస్తది. "ఇన్ని పుస్తకాలు సదివినవంటవు, ఒక్కదాంట్లన్న కూర వండుడు రాసిలేదా అన్నా?" అంటది. నేను చదివిందంత రద్దీ కాయితాలల్లనే అని ఆమెకేం తెలుసు? డబుల్ రొట్టెలు చుట్టనీకి బావ తూకానికి కొన్న పాత పుస్తకాలను చింపకముందు చదివేటోణ్ని. ఎన్ని కథల ముగింపులు నేను చదవకముందే గిరాకీల చేతికి పోయినయో.

ఇప్పుడు అసలు ముచ్చట. ఇక్కడ నన్ను పెట్టుకున్నది రొట్టెల కోసమే. వంటింట్ల పెద్ద గ్యాస్ ఓవెన్ ఉన్నది. వచ్చిన మొదట్ల దాంట్ల రొట్టె అడుగు మాడుతుండె. మన భట్టిల రొట్టె రాతి మీద కాలేది గదా, ఆ రుచి రేకు డబ్బాల ఎట్లొస్తది? తోటల బాట వేస్తున్న మేస్త్రితోని షాబాద్ బండ ముక్క ఒకటి సరిగ్గ కొలతకు కోయించి, ఓవెన్ అడుగున పరిచిన. రొట్టె అడుగు బంగారం రంగు వచ్చింది. మేడం తిని, "అబ్బ, అచ్చం పాత బేకరీ రొట్టేనండీ" అన్నది. ఓవెన్ వేడెక్కనీకి మాత్రం గంట పడుతుండె. అది ఓవెన్ గుణమే అనుకున్న.

పోయిన వారం ఇరవై మంది చుట్టాలొచ్చిండ్రు. ఒకటి రెండు రొట్టెలైతే ఎట్లనో కాలేటివి గాని, అన్ని ట్రేలు ఒక్కసారే పెడితే మధ్యాహ్నానికి కావలసిన బన్నులు మాపటికి గూడ తెల్లగనే ఉన్నయి. వాళ్లు బయటి నుంచి తెప్పించుకొని తిన్నరు. చుట్టాలు పోయినంక మేడం నెమ్మదిగ అన్నది: "మార్చాల్సింది ఓవెన్నో మనిషినో నాకు అర్థం కావట్లేదు సామ్యేలు గారూ. వచ్చే ఆదివారం దాకా చూద్దామండీ."

అక్కా, నౌకరీ పోతే అర్ర గూడ పోతది. ఈ వయసుల నాకు ఇంకెవరిస్తరు నౌకరీ? మీ ఇంటికి వస్తనని అనుకోకు. నేను పండుకునే జాగల నీ కొడుకు ఫోన్ల డబ్బాలు పెట్టిండు.

వారమంత ఆ ఓవెన్‌తోనే కొట్లాడిన. చలికి సిలిండర్‌ల గ్యాస్ గట్టిపడ్డదనుకొని సిలిండర్ మార్చిన. మొయినాబాద్ పోయి కొత్త రెగ్యులేటర్ తెచ్చిన. బర్నర్ బొక్కలన్ని సూదితోని పొడిచిన. పైపు మార్చిన. ఏం లాభం లేదు. శుక్రవారం చేవెళ్ల బస్సెక్కి, స్టవ్‌లు బాగుచేసే ఒకాయనను బతిమాలుకొని వచ్చిన. "నీ అసొంటి పెద్దమనిషి బస్సెక్కి వచ్చినంక రాకపోతే పాపం తగుల్తది కాకా" అన్నడు.

ఇయ్యాల పది గంటలకు వచ్చిండు. మేడం ముంగటనే ఓవెన్ తలుపు తీసి, లోపలికి తల పెట్టి నవ్విండు.

"కాకా, ఈ బండ ఎవరు పరిచిండ్రు?"

నేను బన్నుల ట్రే తుడుచుడు మొదలుపెట్టిన.

"కింద బర్నర్ ఉన్నది, వేడి పైకొచ్చే సందులు ఈ అడుగునే ఉన్నయి. సందులన్ని మూసినంక వేడి ఎటు నుంచి రావాలె? మంటకు గూడ గాలాడక పసుపు రంగు పట్టింది. ఇది కట్టెల భట్టి అనుకున్నరా?"

బండ తీసి ఓవెన్ అంటిపెట్టిండు. పావుగంటకే లోపల చెయ్యి పెట్టలేనంత వేడి. మేడం నన్ను చూడలేదు, అంజమ్మను చూసింది. "ఎవరు పెట్టారు ఇది? నువ్వా?" అన్నది. నేను పెట్టిన అని ఒక్క మాట నా నోట్ల నుంచి రాలేదక్కా. జిందగీ అంత చదివినోణ్ని, దొంగతనం దొరికిన పోరని లెక్క నిలబడ్డ.

అంజమ్మ గిన్నె కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకున్నది.

"ఆయననే పెట్టిండమ్మా. రొట్టె అడుగు మాడుతున్నదని పెట్టిండు. పాత బేకరీ రొట్టె లెక్కున్నదని మీరు తినలేదా? గా రొట్టె గీ బండ మీదిదే. తెల్వక చేసిండు, చెడగొట్టనీకి చెయ్యలే. ఆయనను తీసేస్తే నేను గూడ రాను, మీ గిన్నెలు మీరే కడుక్కోండ్రి."

మేడం నవ్వేసింది. "ఇద్దరూ ఒకేసారి పోతే నా గతేంటమ్మా? ఎవరూ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు" అన్నది. మెకానిక్ ఆ బండ అంచులు కొట్టేసి చిన్నగ చేసి, ఓవెన్ నడుమ ఉండే ఇనుప జాలీ మీద పెట్టి, చుట్టు నాలుగు వేళ్ల సందు ఇడిచిండు. మధ్యాహ్నం రొట్టె బాగ వచ్చింది. నౌకరీ ఉన్నది. ఫికర్ చేయకు.

నా ట్రంకు పెట్టెల పాత కండ్లద్దాలు, ఊలు మఫ్లర్ ఉంటయి, ఎవరన్న ఇటు వస్తే పంపు. పాస్టరయ్యకు నా వందనాలు చెప్పు, పిల్లలకు దీవెనలు. పెద్దదానివి, నీ ప్రార్థనల నా పేరు తలుచు.

ఇంకొకటి రాసి ముగిస్త. జూన్ వచ్చిన నాడు నేను బడి సర్టిఫికెట్ చేతుల పట్టుకొని మీ ఇంటి వాకిట్ల నిలబడ్డ. బావ "ఏం మాటరా? నేనెప్పుడన్న?" అన్నడు. నువ్వు పొయ్యి ముందు కూసున్నవు. మాట ఇచ్చిన నాడు గూడ అక్కడనే ఉంటివి, చెవులార విన్నవు. "ఇచ్చినవు గదా" అంటే చాలు, ఆయన నీ మాట తీసేసేటోడు కాదు. నువ్వు తల ఎత్తలేదు, పెంక మీది రొట్టె తిప్పినవు. చుట్టరికం లేని అంజమ్మ తన కూలి పోతదని తెలిసి గూడ నాకోసం నోరు తెరిచింది. బావ పోయిండు, ఆయన మీది కోపం ఆయనతోనే మట్టిల కలిసింది. నీ కొడుకు మీద గూడ నాకు అంత లేదు. నేను ఇప్పటికి తప్పు పట్టేది ఒక్క మనిషినే. నిన్నే, శాంతమ్మక్కా.

నీ తమ్ముడు,
సామ్యేలు