మూడోసారి అడిగితేనే

మినియాపొలిస్, సెప్టెంబరు

గౌరవనీయురాలైన ఆర్డిస్ అత్తయ్య గారి దివ్యసముఖానికి మేనల్లుడు ఎస్కిల్ సవినయంగా రాయునది,

టర్కీ కోళ్ల ఫ్యాక్టరీలో కత్తి పట్టి, ప్రతి జీతంలోనూ నువ్వు కట్టిన బీమా ఈ డిసెంబరు ఆఖరుతో ముగిసిపోతుంది. నీ చేతులు అంతకుముందే పడిపోయాయని డాక్టరు రాసి ఉండాలి. లేదంటే వికలాంగుల పింఛను రాదు. డాక్టరు దగ్గరున్న నీ ఫైలు తెప్పించి చదివాను. ప్రతి పేజీలోనూ ఒకటే వాక్యం: "బాగానే ఉన్నానంటున్నారు."

పింఛను ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. కావాలా అంటే, "కావాలి" అను.

ఇట్లు,
నిద్రపట్టని ఎస్కిల్

తా.క. ఎలా ఉన్నావని నేను అడగడం లేదు. జవాబు తెలుసు.

లేక్ హెల్గా, అక్టోబరు

చిరంజీవి ఎస్కిల్‌కి అత్తయ్య దీవెనలు.

నేను బాగానే ఉన్నాను. ఆఫీసమ్మాయి ఫోను చేసి, "పింఛనుకి దరఖాస్తు పెడతారా?" అంది. "ఎందుకమ్మా, మీకు శ్రమ" అన్నాను. "నిజంగా వద్దా?" అంది. "వద్దులేమ్మా" అన్నాను. మూడోసారి అడిగితే సరే అందామని ఊపిరి బిగబట్టి కూర్చున్నా. ఫోను పెట్టేసింది! ఎవరి పిల్లో గాని మర్యాద నేర్పలేదు. మన చర్చిలో కాఫీ అయినా మూడోసారి అడక్కుండా ఎవరన్నా పుచ్చుకుంటారా?

నీ అత్తయ్య

తా.క. ఇది పక్కింటి లవోన్ చేత రాయిస్తున్నాను. కలం చేతిలో నిలవడం లేదు. అంతకుమించి నాకే లోటూ లేదు.

మినియాపొలిస్, నవంబరు

మర్యాదల మహారాణికి మతిపోయిన మేనల్లుడి నమస్కారాలు.

అది ప్రభుత్వం, చర్చి కాఫీ కాదు! దరఖాస్తు పంపుతున్నాను. సంతకం కుదరకపోతే గీత గీయి. డాక్టరు దగ్గరికి ఈ వారమే వెళ్లు. నీకు పుణ్యముంటుంది, "నొప్పి" అన్న మాట ఒక్కసారి అను.

ఇట్లు,
గోళ్లు కొరుక్కోవడం అయిపోయి వేళ్ల దాకా వచ్చిన ఎస్కిల్

తా.క. నీ క్రితం ఉత్తరంలోని తా.క. భద్రంగా దాచాను. మన దగ్గరున్న వైద్య సాక్ష్యం అదొక్కటే.

లేక్ హెల్గా, డిసెంబరు

చిరంజీవి ఎస్కిల్‌కి దీవెనలు.

తిట్టకు. డాక్టరు ఎలా ఉన్నారంటే "పర్లేదు" అన్నాను. ఊరికే శ్రమ ఇస్తున్నామే అని గుమ్మడికాయ కేకు పట్టుకెళ్లాను. పళ్లెం జారి ఆయన కొత్త బూట్ల మీద పడింది. తుడుద్దామంటే గుడ్డా జారింది.

ఆయన నా చేతులే చూస్తూ, "మీ కోటు గుండీలు ఎవరు పెట్టారు?" అన్నారు.

"లవోన్."

"జుట్టు ఎవరు దువ్వారు?"

"లవోనే."

"మరి కేకు?"

"లవోనే చేసింది. చక్కెర చాలని చెప్పింది మాత్రం నేనే."

పరీక్షలన్నీ చేసి, అప్పుడే రెండు పేజీలు రాసేశారు. పాపం, ఆ బూట్లు!

నీ అత్తయ్య

తా.క. ఆయనకి క్షమాపణ ఉత్తరం పంపాను. అదీ లవోనే రాసింది.

మినియాపొలిస్, మరుసటి ఆగస్టు

అత్తయ్యకి భగ్నహృదయంతో,

ఆఫీసు కాదంది. మళ్లీ పరిశీలించమంటే మళ్లీ కాదంది. ఇక మిగిలింది జడ్జి ముందు విచారణ. అక్కడా కాదంటే ఏం చేస్తావు?

ఇట్లు,
ఎస్కిల్ (మిగిలినంత వరకు)

తా.క. నువ్వు బాగానే ఉన్నావని నాకు రాస్తే ఉత్తరం చించేస్తాను.

లేక్ హెల్గా, మరుసటి మార్చి

చిరంజీవి ఎస్కిల్‌కి దీవెనలు.

ఎందుకురా అంత కంగారు? రెండుసార్లు వద్దన్నారు, అంతేగా. వాళ్లూ మర్యాదగా పెరిగిన పిల్లలే. ఫోను చేసిన ఆ అమ్మాయిని అనవసరంగా ఆడిపోసుకున్నాను. మూడోసారి అడగ్గానే జడ్జిగారు డాక్టరు కాగితాలు బూట్ల సంగతితో సహా చదివారు. నిన్న మంజూరు ఉత్తరం వచ్చింది.

నీ అత్తయ్య

తా.క. బాబూ, ఇది నేను, లవోన్‌ని, సొంతంగా రాస్తున్నా. మొదటి పింఛనుతో నాకు కొత్త కోటు కొంటానంది మీ అత్తయ్య. రెండుసార్లు వద్దన్నాను. ఇంకోసారి అడగమని కాస్త చెప్పు, చలేస్తోంది.