మామయ్య చేతులు

జూన్ 3, మార్కాపురం
అత్తమ్మ పోయినప్పటి నుంచి మామయ్య స్నానం నా పనే. మతిమరుపు మనిషి. ఇవాళ మగ్గు అందుకుంటుంటే నా జాకెట్‌లో చెయ్యి పెట్టాడు. బయటికి వచ్చేశాను. ఒంటి నిండా సబ్బుతో అలాగే కూర్చున్నాడు, పాపం. పాపం అని ఎందుకు రాశాను?

జూన్ 4
రాజేష్‌కి చెప్పాను. అన్నం తింటూనే విన్నాడు. "నాయన అట్లాంటోడు కాదు. నీకే అట్ల అనిపించింటాది" అన్నాడు. పెళ్లయిన కొత్తలో నేను హాల్లోకి వస్తే మామయ్య లేచి వరండాలోకి పోయేవాడు. ఆ మనిషి నాకూ తెలుసు.

జూన్ 11
మళ్లీ.

జూన్ 19
గిద్దలూరు నుంచి ఆడబిడ్డ స్రవంతి ఫోన్. నేను నైటీలో తిరగడం మానాలట. సరే, కొన్నాళ్లు నువ్వు తీసుకెళ్లు అన్నాను. "ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల ఉంది. ఎట్ల వదినా?" అంది. అంటే నమ్మిందన్నమాట.

జూలై 2
పక్కింటి విజయలక్ష్మక్క కరివేపాకు కోసం వచ్చింది. మామయ్య పంచె విప్పేసి ఆమెను పట్టుకున్నాడు. ఆమె అరుపుకి వీధంతా వచ్చింది. రాజేష్ దుకాణం మూసి పరుగెత్తుకొచ్చాడు, ఆమె కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. సాయంత్రానికల్లా ఒంగోలు డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. నేను చెప్పినప్పుడు వినపడలేదు. ఆమె ఒక్క కేక వినపడింది.

జూలై 5
డిమెన్షియా ముదిరిందట. ఆయన బుద్ధి చెడి కాదు, జబ్బే అలా చేయిస్తుంది అన్నాడు డాక్టర్. తిట్టకూడదు, నవ్వకూడదు. చెయ్యి పక్కకు తీసి, వద్దని మెల్లగా చెప్పి, ఆ చేతికి ఏదైనా పని ఇవ్వాలి. విప్పుకోవడానికి వీల్లేకుండా వెనక జిప్పున్న బట్టలు వేయాలి. స్నానం మగవాళ్లే చేయించాలి. యూరిన్ టెస్ట్ కూడా రాశాడు, ఇన్ఫెక్షన్ ఉంటే ఎక్కువవుతుందట. చివర్లో కోడలు ఎలా ఉందని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. "బాగుంది సార్, ఏం ప్రాబ్లం లేదు" అని రాజేషే చెప్పాడు.

జూలై 16
వేరుశనక్కాయలు ముందు పోస్తే మధ్యాహ్నం దాకా ఒలుస్తూ కూర్చుంటున్నాడు. గొడవ తగ్గింది. స్నానం ఇప్పుడు రాజేష్ పని. పొద్దున బాత్రూమ్‌లో మామయ్య కేకలు: "ఏందిరా, ఎవడ్రా నువ్వు?" రాజేష్ తడి చొక్కాతో బయటికొచ్చి పెరట్లో వాంతి చేసుకున్నాడు. "నన్ను కూడా పట్టుకున్నాడు యామినీ. కన్నకొడుకుని" అన్నాడు. చెంబుతో నీళ్లు తెచ్చాను. చేతికివ్వలేదు. గట్టు మీద పెట్టి లోపలికి వచ్చేశాను.

ఆగస్టు 2
మామయ్య నన్ను "అమ్మా" అని పిలిచి, ఒలిచిన పప్పు గుప్పెడు ఇవ్వబోయాడు. నేను గిన్నె చాపాను.