చప్పుడు పోయిన బండి

మార్చి 3, మంగళవారం

ఇవాళ బావగారింట్లో భోజనం. అందరి ముందూ బావగారిది మళ్ళీ అదే పాట. తమ్ముడి చేతుల్లో పట్టు పోయిందట. వయసు మీద పడ్డాక స్టీరింగు మాట వినదట. అందుకే బండి బోల్తా కొట్టిందట. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది, నా తోడికోడలే అయ్యుండి. మా ఆయన ప్లేటులోకి చూస్తూ తిని, రెండోసారి వడ్డించుకోకుండానే లేచిపోయారు. బస్సు డ్రైవరుగా రిటైరయ్యేదాకా బస్సు మీద ఒక్క గీత పడనివ్వని మనిషి!

ఒప్పందం ఒకటుండేది మా ఇద్దరికీ. ఉద్యోగమంతా పరాయివాళ్ళని ఊళ్ళు తిప్పారు కదా, ఆ తర్వాత నన్ను తిప్పాలి. పాత మినీ బస్సు కొని, సీట్లు పీకించి, మంచం, స్టవ్వు, సింకు పెట్టించి మోటర్‌హోమ్ చేసుకున్నాం. కర్టెన్లు నేనే కుట్టాను. నిరుడు మొదటి ప్రయాణంలోనే సిమెంటు ఫ్యాక్టరీ మలుపు దగ్గర బండి ఒక పక్కకి వాలి, ఇంకా వాలి, కాలవలో పడుకుంది. నా భుజం ఎముక విరిగింది. అతికింది గానీ చెయ్యి తల పైకి లేవదు. జుట్టు ముడేసుకోవాలంటే ఆయన్ని పిలవాలి.

ఆ రోజు నుంచి ఆయన స్కూటర్ తాళం కూడా ముట్టుకోలేదు. బావగారు బండి అమ్మేయమంటున్నారు. బేరం కూడా తెచ్చారు. కొనేవాళ్ళు 29న వచ్చి చూసుకుంటారట.

రానివ్వండి. ఈలోపు బండి ఊగకుండా నేనే చేస్తాను. మా ఆయన చేత నడిపించి, బావగారి మెకానిక్ షెడ్డు ముందు హారన్ కొట్టించుకుంటూ పోతాను. ఆ మాట అన్న నోటితోనే దాన్ని మింగించాలి.

మార్చి 5, గురువారం

జాకీ దొరికింది. పాత చీరల పెట్టె కింద.

మార్చి 8, ఆదివారం

రెండు రోజులు వీడియోలే చూశాను. బండి ఊగుతుంటే ముందు చూడాల్సింది స్ప్రింగులు కాదట, బరువు ఎక్కడుందో అట.

లైసెన్సు నాకూ ఉంది, నేర్పింది ఆయనే. రమ్మంటే రానన్నారు. ఒక్కదాన్నే మెల్లగా లారీలు తూచే కాటా దగ్గరికి తోలుకెళ్ళాను. దారి పొడుగునా బండి తాగినవాడిలా తూలింది. ముందు చక్రాలు విడిగా, వెనక చక్రాలు విడిగా తూయించాను. ఇల్లు మారుతున్నారా అని కాటా అతను అడిగాడు. లేదు, పగ తీర్చుకుంటున్నానని చెప్పాను. నవ్వాడు. జోకనుకున్నాడు.

బరువంతా తోకలోనే ఉంది. నీళ్ళ ట్యాంకు, గ్యాసు సిలిండరు, నా ఇనప కుట్టు మిషను, అన్నీ. ముందు చక్రాలకి భూమి మీద సరిగ్గా ఆనే యోగం కూడా లేదు. ట్యాంకు వెనక పెట్టించింది ఎవరు? ఇంకెవరు, బావగారే!

మార్చి 10, మంగళవారం

ట్యాంకు రెండు ఇరుసుల మధ్యకి జరిపాను. సిలిండరు కూడా. మిషను ఇంట్లోకి తెచ్చేశాను. టైర్లలో గాలి, కాటా చూపించిన బరువుని బట్టి ముందుకి వేరుగా, వెనక్కి వేరుగా పట్టించాను. ఇన్నాళ్ళూ అన్నిటికీ ఒకటే కొట్టించేవాళ్ళం, గొర్రెలమంద మాదిరి.

ఊగడం తగ్గింది. పోలేదు. మలుపులో ఇంకా వాలుతోంది.

ఆయన వరండాలో పేపరు చదువుతున్నట్టు నటిస్తూ నన్నే చూస్తున్నారు. ఎందుకొచ్చిన తిప్పలే, ఊరుకోవే అన్నారు. ఈ ఏడాదంతా ఆ ఊరుకోవేనే వింటున్నాను.

మార్చి 14, శనివారం. ఉదయం పదకొండు

చేతులు కడుక్కోలేదు. గ్రీజుతోనే రాస్తున్నాను.

షాక్ అబ్జార్బర్లు చూద్దామని చాప పరుచుకుని కిందికి దూరాను. రెండు వెనక చక్రాలనీ కలుపుతూ ఒక లావు కడ్డీ ఉంటుంది. స్టెబిలైజర్ రాడ్డు. మలుపులో బండి ఒక పక్కకి వాలకుండా పట్టుకునేది అదే. దాని రెండు కొసల్నీ ఛాసిస్‌కి, అంటే బండి చట్రానికి, బిగించే లింకులు రెండు ఉండాలి.

లేవు. రెండూ లేవు. రాడ్డుని ఆకుపచ్చ తీగతో పైకి ఎత్తి కట్టేశారు. తీగ కొసలు ఎవరికీ గుచ్చుకోకుండా లోపలికి చుట్టి ఉన్నాయి. ఆ చుట్టుడు నాకు తెలుసు. మా గేటుకీ అలాగే కట్టారు, మా నీళ్ళ పైపుకీ అలాగే కట్టారు.

ప్రయాణానికి ముందు వెనక నుంచి కిర్రుమని చప్పుడొస్తోందని బండిని బావగారి షెడ్డుకి పంపాం. సాయంత్రానికల్లా తెచ్చిచ్చారు. చప్పుడు పోయింది కదా అని మీసం దువ్వుకున్నారు. షెడ్డులో ఆయనకి చప్పుళ్ళ డాక్టరని పేరు. ఏది చప్పుడు చేస్తే దాన్ని పీకేస్తారు. అరిగిన రబ్బరు బుష్‌లు మార్చాల్సింది పోయి లింకులే పీకేశారు. తలనొప్పికి తల తీసేసినట్టు.

తర్వాత బండిని కాలవలోంచి తీసి టింకరు దగ్గరికి లాక్కెళ్ళారు. సొట్టలు తీశాడు, రంగేశాడు. కింద ఏముందో చూడాలని ఎవరికీ తోచలేదు.

నా భుజం. మా ఆయన పేరు. ఆ భోజనం దగ్గర నవ్వులు.

ఇవాళ్టి నుంచి ఈ డైరీలో బావకి గారు లేదు.

మార్చి 14, సాయంత్రం

ఆయనకి చెప్పలేదు. చెబితే ఊరుకోవే అంటారు. వాళ్ళన్నయ్య పెంచిన మనిషి కదా. చెప్పకూడదు. చూపించాలి.

మార్చి 17, మంగళవారం

కొత్త లింకులు, కొత్త బుష్‌లు తెచ్చి నేనే బిగించాను. కుడిచెయ్యి పైకి లేవకపోయినా పడుకుంటే అందుతుంది. బండి కింద నాకు అవిటితనమే లేదు.

సిమెంటు ఫ్యాక్టరీ మలుపులో ఒక్కదాన్నే తిప్పాను. చెప్పిన మాట విన్నట్టు నిలబడింది. అక్కడే పక్కకి ఆపుకుని ఏడ్చాను. బాధతో కాదు, కోపంతో. ఇంతే. రెండు లింకులు. మా ఏడాది మొత్తం ఇంతే.

ఎంత తిట్టినా బావకి అర్థం కాదు. ఆ స్టీరింగు బావ చేతుల్లో ఉండాలి. ఆ వాలడం అతనికే తెలియాలి. మా ఆయన ఎదురుగా నిలబడి చూడాలి.

మార్చి 21, శనివారం

లింకులు మళ్ళీ విప్పేశాను. రాడ్డు పైకెత్తి, ఆ ఆకుపచ్చ తీగతోనే కట్టాను. కొసలు లోపలికి చుట్టాను. ట్యాంకు వెనక్కి జరిపి నిండుగా నీళ్ళు పట్టాను.

బావకి ఫోన్ చేశాను. అమ్మేముందు మీరొకసారి నడిపి చూస్తే మంచిది, మీ చేతుల్లో పట్టుంది కదా అన్నాను. తప్పకుండానమ్మా అన్నాడు. ఎంత తియ్యగా అన్నాడో. మూతపడ్డ గోడౌన్ల వెనక సిమెంటు మైదానానికి రమ్మన్నాను. అక్కడ గుద్దడానికి ఏమీ ఉండదు. నాకు కావాల్సింది బావ ప్రాణం కాదు, ఆ ముఖంలో భయం.

మార్చి 22, ఆదివారం

అయిపోయింది. వరసగా రాయాలి.

నాలుగు ఖాళీ డ్రమ్ములు దూరం దూరంగా పెట్టాను. మా ఆయన మైదానం అంచున నిలబడ్డారు. బావ స్టీరింగు దగ్గర, నేను పక్క సీట్లో. బెల్టు పెట్టుకోమంటే నాకెందుకమ్మా అన్నాడు. పెట్టుకునేదాకా తాళం ఇవ్వలేదు.

మొదటి డ్రమ్ము దగ్గర నవ్వుతూనే ఉన్నాడు. రెండో దాన్ని తిప్పగానే బండి నా వైపు వాలింది. అవతలికి తిప్పాడు, అటు వాలింది. వెనక అలమర తెరుచుకుని గిన్నెలన్నీ కింద పడ్డాయి. సైకిలంత వేగం కూడా లేదు. బావ రెండు చేతులతో స్టీరింగుని కావిలించుకుని అమ్మో అన్నాడు. ఆ అమ్మో నేను చచ్చేదాకా మర్చిపోను. నా కడుపు చల్లబడింది. అబద్ధమెందుకు?

బ్రేకు వేసి దిగాడు. కిందికి వంగాడు. తర్వాత అక్కడే నేల మీద కూలబడ్డాడు. తీగ గుర్తుపట్టాడు. చప్పుడు పోవాలనే చేశానమ్మా, ఇంత పనవుతుందని నాకు తెలీదు అన్నాడు. చేతులు చాపి చూసుకున్నాడు. వణుకుతున్నాయి. ఎవరి చేతుల్లో పట్టు పోయిందో ఇప్పుడు చెప్పండి అన్నాను. వారం రోజులుగా వంట చేస్తూ ప్రాక్టీసు చేసిన మాట.

అప్పుడు మా ఆయన నడిచొచ్చారు. ముఖంలో ఆశ్చర్యం లేదు. కోపమూ లేదు. అన్నయ్య పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేసి, పోనీలే అన్నయ్యా, ఆ రోజు కాలవలోనే చూశాను, నువ్వు మనసులో పెట్టుకోకు అన్నారు.

చూశారట.

కాలవలో బండి పక్కకి పడుకున్నప్పుడు కింది భాగమంతా ఎదురుగానే ఉంది. తీగ కూడా చూశారు. కూత పెడుతూ అంబులెన్సు వస్తుండగానే నిర్ణయం కూడా చేసేసుకున్నారు. అన్న షెడ్డుకి చెడ్డపేరు రాకూడదు. మరదలి భుజం విరగడానికి తనే కారణమని తెలిస్తే అన్న తట్టుకోలేడు. నా చేతుల్లో పట్టు పోయిందని జనం అనుకుంటే పోయేదేముంది, నేనెలాగూ రిటైరయ్యాను అనుకున్నారట. ఇదంతా ఇవాళ ఇంటికొచ్చాక చెప్పారు, నేలచూపులు చూస్తూ.

మళ్ళీ నడిపితే ఎవరో ఒకరు కింద చూస్తారు. అందుకని నడపలేదట.

మరి నా సంగతి? ఊళ్ళు తిప్పుతానన్న మాట సంగతి? ఏడాదిగా నా జుట్టు ముడేస్తూ, వెనక నిలబడి, ఒక్కసారైనా నోరు విప్పలేదే! అడిగాను.

బావని కొట్టడానికి ఇంత రాయి మోసుకెళ్ళాను. తీరా చూస్తే ఆ రాయి తగలాల్సినవాడు నా పక్క మంచం మీదే పడుకుంటున్నాడు.

మార్చి 23, సోమవారం

జుట్టు ముడేసుకోలేదు. విరబోసుకునే తిరిగాను.

మార్చి 25, బుధవారం

బావ పొద్దున్నే చాప చంకన పెట్టుకుని వచ్చాడు. తనే బిగిస్తానన్నాడు. లింకులు ఇచ్చాను. రాడ్డు కొసన రెండు బెజ్జాలు ఉంటాయి. బయటిదానికి పెడితే మెత్తగా ఉంటుంది, లోపలిదానికి పెడితే బిగువుగా పట్టుకుంటుంది. కంపెనీ నుంచి వచ్చేది బయటిదానికేనమ్మా అన్నాడు. లోపలిదానికే అన్నాను. మరి కుదుపు తెలుస్తుంది అన్నాడు. తెలియనివ్వండి అన్నాను. నోరు మూసుకుని లోపలిదానికి బిగించాడు. బిగించిన ప్రతి నట్టు మీదా నా కుట్టు సుద్దతో గీత గీశాను. వదులైతే గీత తప్పుతుంది, నాకు తెలుస్తుంది.

టార్చి పట్టుకున్నది మా ఆయన. మధ్యలో అన్నదమ్ములిద్దరూ ఏదో గుసగుసలాడి నవ్వబోయారు. చూశాను. ఆపేశారు.

వెళ్తూ బావ కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. భోజనం దగ్గర అన్న మాట అందరి ముందూ వెనక్కి తీసుకుంటానన్నాడు. మంచి నీళ్ళిచ్చాను. గారు ఇంకా ఇవ్వలేదు.

మార్చి 27, శుక్రవారం

కొనేవాళ్ళు ఫోన్ చేశారు. అమ్మడం లేదని చెప్పాను.

సాయంత్రం ఆయన తాళం చేతిలోకి తీసుకుని, ఎక్కడికి పోదాం అన్నారు. ఏడాది నుంచి నేను ఎదురుచూసిన మాట. తాళం లాక్కున్నాను.

మార్చి 29, ఆదివారం

సిమెంటు ఫ్యాక్టరీ మలుపు. స్టీరింగు నా దగ్గర. అన్నదమ్ములిద్దరూ వెనక. బ్రేకు ముట్టుకోలేదు. బండి వాలలేదు, గిన్నెలు కదల్లేదు. అద్దంలో చూస్తే ఇద్దరూ ఒకరి చెయ్యొకరు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

ముందు ఖాళీ స్థలం చూసి బండి వెనక్కి తిప్పాను. అదే మలుపు, ఇంకోసారి.