పులికాట్ ఒడ్డున తీసిన ఫొటో

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు ఎన్నాళ్లనుంచో తీయాలనుకున్న రాత్రి రాకెట్ ఫొటోని మొన్న నేను తీశాను. నీ కెమెరా, ట్రైపాడ్ పట్టుకుని ఆమదాలవలసలో రైలెక్కి సూళ్లూరుపేట వెళ్లాను. పులికాట్ ఒడ్డున జనమంతా ఫోన్లెత్తి కేకలు వేస్తుంటే, నువ్వు నేర్పినట్టే షటర్ తెరిచి, మూడు నిమిషాలు కెమెరాను ముట్టుకోకుండా నిలబడ్డాను. నేల మీంచి లేచి సముద్రం వైపు వంగిన ఒకే ఒక వెలుగు గీత చక్కగా పడింది. నీకు చూపించాలని పక్కకు తిరిగాను. అక్కడ ఎవరో తెలియని మనిషి ఉన్నాడు.

ఇంటికొచ్చి అత్తకు చూపించాను. ఆమెకు మతిమరుపు ముదిరింది. నువ్వు లేవని చెప్పిన ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఏడుస్తోంది.

“ఇదేటే, సుక్క రాలినట్టున్నాది?” అంది.

“రాకెట్ అత్తా. పైకెల్తన్నాది.”

“మావోడు తీసినాడా?”

ఔనన్నాను. ఆమె ముఖం విప్పారింది. ఫొటోని కొంగుతో తుడిచి, “ఎంత బాగా తీసినాడో సూడు. ఎప్పుడొస్తానన్నాడే?” అని అడిగింది.

“రేపొస్తాడత్తా” అన్నాను.

ఇకనుంచి రోజూ ఇదే చెప్పాలి, బావా.